నేను వద్దన్న వెండి జెల్

2007 ఆగస్టు. అమలాపురంలో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్‌గా చేరి అప్పటికి పదిహేనేళ్ళయింది నాకు. మా ల్యాబ్ మేడ మీద పడమటి చివర ఉండేది. వానాకాలం కిటికీ రెక్కలు ఉబ్బిపోయి మూసుకునేవి కావు, జల్లు లోపలికి కొట్టేది. ఆ ల్యాబ్‌లోనే, క్లాసులు అయిపోయాక మిగిలిన టైములో, నా పీహెచ్‌డీ పని చేసుకునేదాన్ని. పార్ట్‌టైం రిజిస్ట్రేషన్. నలభై దాటాక ఇప్పుడెందుకమ్మా ఈ చదువు అని అడిగినవాళ్ళకి నవ్వి ఊరుకునేదాన్ని.

నా పరిశోధన హైడ్రోజెల్స్ మీద. హైడ్రోజెల్ అంటే నీటిని పీల్చుకుని, తాను కరగకుండా ఆ నీటిని లోపల నిలుపుకునే పాలిమర్. చేత్తో పట్టుకుంటే లేత బొండంలోని కొబ్బరి మీగడలా జారుతూ వణుకుతూ ఉంటుంది. బరువులో చాలా భాగం నీళ్ళే. కాలిన పుండు మీద దీన్ని పరిస్తే తడి ఆరిపోనివ్వదు. కట్టు మార్చేటప్పుడు గుడ్డలాగా అంటుకుని కొత్త చర్మాన్ని పీక్కుని రాదు. అందుకే వైద్యంలో దీనికోసం అన్ని దేశాల్లోనూ పని జరుగుతోంది.

దానికి నేను చేర్చింది నానో సిల్వర్. మీటరును వందకోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్క నానోమీటరు. వెండిని అలాంటి కొద్ది నానోమీటర్ల రేణువులుగా చెయ్యగలిగితే సూక్ష్మక్రిములను చంపే శక్తి దానికి బాగా పెరుగుతుంది. కష్టమల్లా ఆ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ముద్దకాకుండా చూడడంలో ఉంది. జెల్ లోపల వలలాంటి అల్లిక ఉంటుంది. ఆ వల కన్నుల్లోకి సిల్వర్ నైట్రేట్ నీళ్ళు ఎక్కించి, తర్వాత ఇంకో రసాయనంలో ముంచితే ఏ కన్నులో రేణువు ఆ కన్నులోనే పుట్టి ఉండిపోతుంది. నీళ్ళలా తేటగా ఉన్న జెల్ బిళ్ళ మన కళ్ళముందే తేనె రంగుకి తిరుగుతుంది. మొదటిసారి చూసినప్పుడు నేను కుర్చీలో కూర్చోలేకపోయాను.

ఇందులో ఒక చిక్కుంది. జెల్ చెయ్యడానికి వాడేది అక్రిలమైడ్ అనే పదార్థం. అది పొడవైన గొలుసులుగా అల్లుకుపోతే ప్రమాదం లేదు. అల్లుకోకుండా మిగిలిపోయినదాన్ని మోనోమర్ అంటాం, అది విషం. నరాలను దెబ్బతీస్తుంది. అందుకని తయారైన బిళ్ళలను డిస్టిల్డ్ వాటర్‌లో, అంటే ఆవిరిపట్టి శుద్ధిచేసిన నీళ్ళలో, నానబెట్టి, పొద్దున్నా సాయంత్రం ఆ నీళ్ళు మారుస్తూ, రోజుల తరబడి కడగాలి.

ఆ కడిగే పని మా ల్యాబ్ అటెండర్ సూరిబాబు గారిది. యాభై ఆరేళ్ళ మనిషి, సన్నగా, కొంచెం వంగి ఉండేవారు. రోజూ ముక్తేశ్వరం నుంచి బస్సులో వచ్చేవారు. పదో తరగతితో చదువు ఆపేశారు గానీ ముప్పై ఏళ్ళుగా ల్యాబ్‌లో ఉండి ఉండి, ఏ సీసా ఎక్కడుందో, దేని పక్కన దేన్ని పెట్టకూడదో మా అందరికన్నా ఆయనకే బాగా తెలుసు. బిళ్ళను వేలితో తాకి, "ఇది సరిగ్గా ఉడకలేదండి" అనేవారు. అంటే అల్లిక పూర్తికాలేదని. నేను మళ్ళీ చేసి చూస్తే ఆయన మాటే నిజమయ్యేది. నీళ్ళు మార్చినప్పుడల్లా పాత నోటుపుస్తకంలో తేదీ వేసి గీత పెట్టుకునేవారు. నేను చెప్పకుండానే మొదలుపెట్టిన అలవాటది.

క్రిముల మీద పరీక్షలు కింద అంతస్తులో మైక్రోబయాలజీ వాళ్ళ దగ్గర చేసుకునేవాళ్ళం. గుండ్రటి గాజు ప్లేటులో క్రిమిని పెంచి, మధ్యలో నా బిళ్ళ పెట్టి, ఒకరోజు వెచ్చగా ఉంచడం. సూడోమోనాస్ అనే క్రిమి ప్లేటంతా పచ్చగా అలుముకుంటుంది. మర్నాడు తీస్తే బిళ్ళ చుట్టూ మాత్రం తేటగా వలయం ఏర్పడింది. దాన్ని చూసి సూరిబాబు గారు, "ఇక్కడిదాకా రాలేకపోయిందండి" అన్నారు సంబరంగా. ఈ పురుగు ఏం చేస్తుందని అడిగితే, కాలిన పుండ్లకు పట్టి పచ్చ చీము పట్టిస్తుందనీ, మందులకు ఓ పట్టాన లొంగదనీ నేనే వివరంగా చెప్పాను.

ఆయన భార్య నాగమణి గారు ఆత్రేయపురం వైపు మనిషి. పుట్టింట్లో నేర్చుకున్న విద్యతో ముక్తేశ్వరంలో పూతరేకులకు రేకులు తీసి అమ్మకానికి పంపేవారు. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట పెట్టి, పలచటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి కుండ మీద పరిస్తే క్షణంలో రేకు లేస్తుంది. మంటకు అంత దగ్గరగా కూర్చుని చేసే పని. ఆ నెల ఒక ఆదివారం పొద్దున, వెనక్కి తిరిగి ఆకు అందుకుంటుంటే చీర కుచ్చిళ్ళకు మంట అంటుకుంది. పాలియెస్టర్ చీర. కరిగి ఒంటికి అతుక్కుపోయింది. సూరిబాబు గారు పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి గోనెపట్టా చుట్టేసరికి రెండు తొడలూ, నడుమూ, వీపు కింది భాగమూ కాలిపోయాయి.

అమలాపురంలోనే ఒక సర్జన్ గారి నర్సింగ్‌హోమ్‌లో చేర్చారు. నేను నాలుగో రోజున చూడ్డానికి వెళ్ళాను. ఒత్తిగిలి పడుకుని ఉన్నారు. రాజోలులో ఇచ్చిన కూతురు వచ్చి దగ్గరుంది. నొప్పి ఉన్నా నాగమణి గారు నాతో బాగానే మాట్లాడారు. మా ఆయన పొద్దస్తమానం ఏవో బిళ్ళలు కడుగుతున్నానంటారు, అవి ఏం చేసుకుంటారండి అని అడిగారు. కాలిన పుండ్ల మీద వెయ్యడానికేనండి అన్నాను.

"అయితే బేగా చేసెయ్యండి మేడం గారు. నాకే పనికొచ్చేత్తాయి" అని ఆవిడ నవ్వారు.

నేనూ నవ్వాను.

సూరిబాబు గారు సెలవు పెట్టలేదు. పొద్దున్న కూతురికి అప్పగించి కాలేజీకి వచ్చేవారు. డిస్టిలేషన్ యూనిట్ వెలిగించి, నీళ్ళు పట్టి, బిళ్ళలకు నీళ్ళు మార్చి, పదకొండింటికల్లా నర్సింగ్‌హోమ్‌కు వెళ్ళిపోయి, మళ్ళీ సాయంత్రం నాలుగింటికి వచ్చి నీళ్ళు మార్చేవారు. రావద్దని చెప్పాను. అక్కడ ఊరికే కూర్చోవడం కష్టంగా ఉందండి అన్నారు.

మొదటి వారం పరవాలేదన్నారు. రెండో వారంలో జ్వరం పట్టుకుంది. పన్నెండో రోజు గురువారం. పొద్దున ప్రాక్టికల్స్ అయిపోయి పిల్లలు వెళ్ళిపోయాక, నేను రికార్డులు దిద్దుతుంటే సూరిబాబు గారు వచ్చి బల్లకి అవతల నిలబడ్డారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఒక మాట అడగాలండి. పుండుకి పచ్చ చీము పట్టిందండి. ఇయ్యాల కట్టు విప్పినప్పుడు నేను చూసేను. మన ప్లేట్లో ఉన్న రంగేనండి. వాసన కూడా అదే."

నేను పెన్ను కింద పెట్టాను. ఏం అడగబోతున్నారో తెలిసిపోయింది.

"మన బిళ్ళలు ఓ పది ఇప్పించండి. డాక్టరు గారితో నేను మాట్లాడుకుంటాను. నా పూచీ మీదేనని రాసిమ్మంటే రాసిస్తానండి."

ప్లేటు వేరు, మనిషి వేరు అని మొదలుపెట్టాను. ఇది ఇంకా ఏ జంతువు మీదా పరీక్షించలేదనీ, క్రిములు లేకుండా శుద్ధి చెయ్యలేదనీ, బిళ్ళలోంచి రోజుకి ఎంత వెండి బయటికి వస్తుందో నాకే తెలియదనీ, ఎక్కువ వస్తే కొత్తగా పుట్టే చర్మాన్ని కూడా చంపేస్తుందనీ చెప్పాను. మనిషి మీద వాడాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలన్నాను. పరిశోధన పేరుతో రోగులకు అన్యాయం జరక్కుండా చూసే పెద్దల సంఘం అది. క్లాసులో చెప్పినట్టే చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

"డాక్టరు గారు రాసే తెల్ల క్రీములోనూ వెండేనంటండి."

అవునన్నాను. కానీ దాన్ని ఎన్నో ఏళ్ళుగా వాడుతున్నారు, మంచిచెడ్డలన్నీ తెలుసు అన్నాను. అసలు భయం మోనోమర్‌తో అని చెప్పాను. పుండు మీద చర్మం ఉండదు కాబట్టి విషం నేరుగా రక్తంలోకి పోతుందన్నాను.

"ఈ బిళ్ళల్ని పద్దెనిమిది రోజులుగా కడుగుతున్నానండి. ఇంకా ఉంటాదంటారా?"

"ఉండకపోవచ్చు. కానీ పరీక్ష చెయ్యకుండా చెప్పలేను. ఆ మెషీను మన దగ్గర లేదు."

"అయితే వద్దంటారు."

"వద్దు సూరిబాబు గారూ."

"ఆయ్" అన్నారాయన.

అంతే. బతిమాలలేదు. తిరిగి సింకు దగ్గరికి వెళ్ళి, బీకరు వంచి పాత నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళు పోసి, నోటుపుస్తకంలో గీత పెట్టి వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నం నా గైడ్‌కి ఫోన్ చేశాను. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అలాంటి పని చేస్తే నీ పీహెచ్‌డీ, ఉద్యోగం రెండూ పోతాయి, ఆవిడకేమైనా అయితే కేసవుతుంది, సరిగ్గానే చెప్పావు అన్నారు. ఫోన్ పెట్టేశాక నాకు ఊరటగా అనిపించింది. ఆ ఊరట సంగతి ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. నేను చేసింది సరైన పనేనని ఇంకొకరు అన్నారు, అది చాలనిపించింది.

ఇంతకన్నా సిగ్గుపడవలసినది ఇంకొకటుంది. మర్నాటి నుంచి నేను బిళ్ళలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆ బ్యాచిలో అరవై ఉన్నాయి. ల్యాబ్ తాళంచెవి నా దగ్గర ఒకటి, సూరిబాబు గారి దగ్గర ఒకటి ఉండేవి. ప్రతి పొద్దునా ఆయన రాకముందే వచ్చి, బీకర్లోకి వంగి, ఒకదాని మీద ఒకటి పడి ఉన్న బిళ్ళల్ని గాజుకడ్డీతో కదిలిస్తూ లెక్కపెట్టేదాన్ని. ఏదైనా జరిగితే బాధ్యత నాది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. మూడో రోజు వెళ్ళేసరికి బిళ్ళలు బీకర్లో లేవు. వెడల్పాటి ట్రేలో నీళ్ళు పోసి, వరసకి పది చొప్పున ఆరు వరసలుగా పేర్చి ఉన్నాయి. నేను లెక్కపెడుతున్నానని ఆయనకు తెలిసిపోయింది. నాకు సులువుగా ఉంటుందని అలా పేర్చారు.

మంగళవారం, అంటే ఆయన అడిగిన ఐదో రోజున, ఒక కాన్ఫరెన్సుకి పేపరు పంపాలని కూర్చున్నాను. ముందుమాట కొత్తగా రాయడమెందుకని రెండేళ్ళ కిందటి నా సినాప్సిస్ తీశాను. పరిశోధనకు అనుమతి కోరుతూ యూనివర్సిటీకి ఇచ్చే పథకం అది. మొదటి పేజీ రెండో పేరాలో నేనే టైపు చేసిన వాక్యం ఉంది. కాలిన గాయాలకు నానో సిల్వర్ జెల్‌లు ఇప్పటికే మార్కెట్లో అమ్ముడవుతున్నాయనీ, మా ప్రయత్నం వాటికన్నా మెరుగైనది చెయ్యడమనీ.

నాకు తెలుసు. రెండేళ్ళుగా తెలుసు. అన్ని పరీక్షలూ పూర్తయి, అనుమతులు పొంది, డాక్టర్లు రాస్తున్న జెల్ ఒకటి హైదరాబాదులో మందుల షాపుల్లో దొరుకుతోంది. సూరిబాబు గారు నా ఎదుట నిలబడి అడిగినప్పుడు నా మనసులో ఉన్నది నా జెల్ ఒక్కటే. ఇవ్వాలా వద్దా, ఇస్తే నాకేమవుతుంది, ఇవ్వకపోతే నేనెలాంటిదాన్ని. ఆలోచనంతా నా చుట్టూనే తిరిగింది. ఆవిడకు కావలసింది మందు, ఎవరి మందైతేనేం అన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు.

వెంటనే హైదరాబాదులో ఉన్న మా తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు రెండు మూడు షాపులు తిరిగి పట్టుకుని బుధవారం సాయంత్రం బస్సుకి పార్సిల్ వేశాడు. గురువారం పొద్దున నేను బస్టాండులో దాన్ని అందుకుని తిన్నగా నర్సింగ్‌హోమ్‌కు వెళ్ళాను. మొదటి పీరియడు క్లాసు ఎగ్గొట్టాను.

డాక్టరు గారు ట్యూబు అటూ ఇటూ తిప్పి చూశారు. ఈ మందు గురించి విన్నాననీ, ఇక్కడి ఏజెన్సీల దగ్గర ఎప్పుడూ చూడలేదనీ అన్నారు. వెంటనే సిస్టర్‌ని పిలిచి డ్రెస్సింగ్ మార్చమన్నారు. ఎలా ఉందండి అని అడిగాను.

"క్రిమి రక్తంలోకి వెళ్ళిపోయిందమ్మా. సెప్టిసీమియా. నిన్నటి నుంచి మూత్రం కూడా తగ్గిపోయింది. ఇప్పుడు ఎక్కడికైనా కదుపుదామన్నా తట్టుకునే స్థితి లేదు."

"ఇది ఓ వారం ముందు దొరికుంటే?"

ఆయన నా ముఖంలోకి చూశారు. "చెప్పలేనమ్మా. కొందరు బతుకుతారు" అన్నారు.

లోపలికి వెళ్ళి చూశాను. నాలుగో రోజున నాతో నవ్వుతూ మాట్లాడిన మనిషి ముఖం పీక్కుపోయి, పెదాలు నల్లబడి, ఊపిరి పైపైన తీస్తున్నారు. నన్ను గుర్తుపట్టలేదు. పొయ్యి ఆర్పేరా, పొయ్యి ఆర్పేరా అని కూతుర్ని పదేపదే అడుగుతున్నారు. ఆర్పేసేమమ్మా అని ఆ పిల్ల ప్రతిసారీ ఓపిగ్గా చెబుతోంది. సూరిబాబు గారు మంచం కాళ్ళ వైపు నిలబడి ఉన్నారు. నేను తెచ్చిన ట్యూబు మీది అక్షరాలు కూడబలుక్కుని చదివారు. సిల్వర్ అన్న మాట దగ్గర వేలు ఆగింది.

"ఇది బయట దొరుకుతాదాండి?" అని మెల్లగా అడిగారు.

దొరుకుతుందన్నాను. ఆయన తలూపారు.

రెండు రోజుల తర్వాత, శనివారం పొద్దున, నేను సెకండియర్ వాళ్ళకి క్లాసు చెబుతుండగా ప్రిన్సిపాల్ గారు మనిషిని పంపారు. నాగమణి గారు పోయారని.

దినకార్యాలు అయ్యాక సూరిబాబు గారు మళ్ళీ డ్యూటీలో చేరారు. ఆ రోజు పొద్దున ట్రేలో వరసలు చూశాను. ఆరు వరసలు, వరసకి పది. ఆయన లేని రోజుల్లో నీళ్ళు నేనే మార్చాను గానీ ఎన్నిసార్లు మార్చానో రాసిపెట్టలేదు. ఆయన నోటుపుస్తకం తీసి, ఖాళీ తేదీలు చూసి, నన్నడిగి గీతలు పూర్తిచేశారు.

మరుసటి ఏడాది వేసవిలో, ఆ బ్యాచి బిళ్ళల్లో కొన్నిటిని నా గైడ్ ఒక పెద్ద ల్యాబ్‌కి పంపించారు. మోనోమర్ ఎంత మిగిలిందో కొలవడానికీ, మనిషి చర్మకణాలను గాజుపాత్రలో పెంచి వాటి మీద పరీక్షించడానికీ. రిపోర్టు వచ్చింది. మోనోమర్ జాడ లేదు. కణాలు చావలేదు. గైడ్ ఫోన్‌లో ఎంతో సంతోషంగా ఉన్నారు. ఇంత శుభ్రమైన జెల్ మా స్టూడెంట్స్ ఎవరూ చెయ్యలేదు అన్నారు. ఆ రిపోర్టు మీదే నా థీసిస్ నిలబడింది.

కవరు తెచ్చి ఇచ్చింది సూరిబాబు గారే. నేను చదవడం పూర్తయ్యేదాకా అక్కడే ఉన్నారు.

"బాగా వచ్చిందాండి?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను. "శుభ్రంగా ఉన్నాయన్నారు" అన్నాను.

"కడిగేం కదండీ" అన్నారు. వెళ్ళి డిస్టిలేషన్ యూనిట్ నీళ్ళ గొట్టం సర్దుకున్నారు.

ఆ రిపోర్టును నా మీద నేనే పెట్టుకున్న కేసులా చాలాకాలం చదువుకున్నాను. ఇచ్చి ఉంటే విషం ఎక్కేది కాదన్నమాట. బతికేదా? అది ఆ కాగితంలో లేదు. ఏ కాగితంలోనూ ఉండదు. నా చేతిలో పరీక్ష ఫలితం లేని రోజున వద్దనడం సరైనదే. రేపు మళ్ళీ అలాంటి రోజు వచ్చి ఎవరైనా అడిగినా వద్దనే అంటాను. నా విద్యార్థులకూ అదే చెబుతాను. కానీ ఈ మాటలేవీ ఆ ఐదు రోజులకు జవాబు చెప్పవు.

సూరిబాబు గారు 2009లో రిటైరయ్యారు. స్టాఫ్‌రూంలో చిన్న సభ పెట్టి శాలువా కప్పాం. అందరూ వెళ్ళిపోయాక ఆయన తాళంచెవులు అప్పగించడానికి ల్యాబ్‌కి వచ్చారు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పటికీ చెప్పలేనని తెలుసు. కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. బయట దొరికే జెల్ గురించి నాకు ముందే తెలుసనీ, ఆయన అడిగిన రోజున అది నా బుర్రకు తట్టలేదనీ, ఐదు రోజులు నా వల్ల పోయాయనీ. క్షమించమని అడగలేదు. ఆ మాట అడిగితే ఆయన తప్పనిసరిగా క్షమిస్తారు, మనిషి అలాంటివారు. అలా వచ్చే క్షమ నాకు అక్కర్లేదనిపించింది.

ఆయన చేతుల్లోని తాళంచెవుల గుత్తినే చూస్తూ విన్నారు. తర్వాత నాకు తెలియని సంగతి ఒకటి చెప్పారు.

"ఆ రోజు మీ దగ్గరికొచ్చినప్పుడు నా జేబులో చీటీ ఉందండి. డాక్టరు గారు రాసిచ్చేరు. ఇక్కడ లాభం లేదు, విశాఖపట్నం తీసుకెళ్ళిపోండి, అక్కడ కాలినోళ్ళకి వేరే వార్డుందన్నారండి. సాయంత్రం బండి మాట్టాడుకుందారనుకున్నాను. వెళ్ళేముందు మిమ్మల్నో మాటడిగి వెళ్దారని వచ్చేను."

"మరి వెళ్ళలేదేం?"

"మీరు వద్దన్నారు కదండీ. ఇంత చదువుకుని, దాని మీదే పని చేసే మేడం గారి దగ్గరే లేదంటే, ఇంక ఆళ్ళ దగ్గర మాత్రం ఏముంటాదనుకున్నానండి. కదిపి బాధపెట్టడం దేనికని అక్కడే ఉంచేసేను."

నిష్ఠూరంగా అనలేదు. జరిగింది జరిగినట్టు, బస్సు తప్పిపోయిన సంగతి చెప్పినంత మామూలుగా చెప్పారు. తాళంచెవులు బల్ల మీద పెట్టి, వస్తానండి అని లేచి వెళ్ళారు. నేను మెట్లదాకా వెళ్ళాను.

నేను ఒక ప్రశ్నకు జవాబు చెప్పాననుకున్నాను. ఈ జెల్ మనిషి మీద వాడవచ్చా అన్నది ఆ ప్రశ్న. ఆయన విన్నది వేరే ప్రశ్నకు జవాబు. నా భార్యకు ఇంకేమైనా దారి ఉందా అన్న ప్రశ్నకు. చదువుకున్నవాళ్ళ నోట్లోంచి వచ్చే వద్దు అన్న మాట ఎంత దూరం వెళుతుందో, ఎన్ని తలుపులు మూస్తుందో నాకప్పటికి తెలియదు. ఇంకెక్కడికి వెళ్తున్నారు, డాక్టరు గారు ఏమన్నారు అని ఆ రోజు ఒక్క ముక్క అడిగి ఉంటే ఆ చీటీ జేబులోంచి బయటికి వచ్చేది.

ఇప్పుడు ఎవరు ఏమి అడిగి వచ్చినా, కాదని చెప్పవలసి వస్తే, ఇంకెవరిని అడగాలో చెప్పకుండా పంపను. నాకు తెలియకపోతే తెలిసినవాళ్ళకు వాళ్ళ ఎదురుగానే ఫోన్ చేస్తాను. కొత్తగా చేరిన లెక్చరర్లకు ఇది చాదస్తంగా కనిపిస్తుంది. దీనివల్ల ఎవరికైనా మేలు జరిగిందేమో నాకు తెలియదు. నాగమణి గారికి జరగలేదు. అది మాత్రం తెలుసు.